దూరం ఎండకు, వేగం చలికి

హైదరాబాద్‌లో మారథాన్ పరుగెత్తాలనుకునేవాళ్లకు సంవత్సరం నడివేసవిలో మొదలవుతుంది. మన ఊరి మారథాన్ ఆగస్టు ఆఖర్లో ఒక ఆదివారం, మఖ కార్తెలో. నాలుగు నెలల తయారీ కావాలి. అంటే ఊరంతా ఆవకాయకు ముక్కలు కొట్టించుకునే రోజుల్లో మేం బూట్ల లేసులు బిగించాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు నెక్లెస్ రోడ్డు మీదికి వెళ్లినా, నిన్నటి ఎండకు కాగిన రోడ్డు ఇంకా చల్లారి ఉండదు.

ఫిబ్రవరిలో కిలోమీటరు ఆరు నిమిషాల్లో హాయిగా లాగినవాడికి మే నెలలో అదే వేగానికి గుండె దడదడలాడుతుంది. కండరాలకు వెళ్లాల్సిన రక్తంలో కొంత ఒంటిని చల్లబరచడానికి చర్మం వైపు మళ్లుతుంది కాబట్టి, ఆ లోటు పూడ్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. బెదిరిపోకుండా పది పద్నాలుగు రోజులు ఆ వేడిలోనే నెమ్మదిగా పరుగెత్తితే ఒళ్లు దారికొస్తుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది. చెమట త్వరగా పడుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. ఏ ఖరీదైన బూట్లూ తెచ్చిపెట్టలేని బలం అది.

మా గుంపులో కొత్తగా చేరిన కుర్రాడు రోహిణి కార్తెలో దిగాలుగా అడిగాడు: "అన్నా, పేస్ మొత్తం పడిపోయింది. షూస్ మార్చమంటావా?"

"షూస్ బాగానే ఉన్నాయి తమ్ముడూ. వాచీ ఇంట్లో పెట్టిరా. పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే చాలు, ఈ నెలకు అదే నీ పేస్."

వాడికి నమ్మకం కుదరలేదు. వాడి తప్పేం లేదు. ఫోన్లో వాడు చూసుకునే శిక్షణ పట్టికలు చాలావరకు చల్లని దేశాల్లో తయారైనవి. కిలోమీటరుకు ఇన్ని నిమిషాలని రాస్తాయే గానీ, రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయన్న సంగతి వాటికి తెలియదు.

అయితే చల్లని దేశం నుంచే వచ్చిన ఒక పద్ధతి మన కాలాలకు అచ్చంగా సరిపోతుంది. ఆక్లండ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆర్థర్ లిడియార్డ్ ఏళ్ల తరబడి తన ఒంటి మీదే పరీక్షించుకుని తేల్చిన పద్ధతి అది. ముందు నెలలకు నెలలు దూరం, తర్వాత కొండలు, అన్నిటికన్నా చివర వేగం. 800 మీటర్లు పరుగెత్తే పీటర్ స్నెల్ చేత కూడా ఆయన వారానికి 160 కిలోమీటర్ల దాకా పరుగెత్తించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లలో, ఆయన మరో శిష్యుడు ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో ఒకే రోజు బంగారు పతకాలు గెలిచారు. ఆ వరసను మన పంచాంగం పక్కన పెట్టి చూడండి. ఎండ మనల్ని ఎలాగూ వేగంగా పోనివ్వదు కాబట్టి అది దూరానికి. వానాకాలం కొండలకు. వేగం చలికాలం దాకా ఆగాలి.

మృగశిర కార్తె తొలకరికి ప్రాణం లేచొస్తుంది గానీ, జూలై నాటికి గాలిలో తేమ నిండిపోయి చెమట ఆరదు. కారిపోయే చెమట ఒంటిని చల్లబరచదు, ఆరిన చెమటే చల్లబరుస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో పరుగెత్తేవాళ్లకు ఈ బాధ చాలా నెలలుంటుంది, వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. వానలో మరో పని, బూట్లు ఆరబెట్టుకోవడం. లోపలి అట్టలు పీకేసి, వార్తాపత్రిక ఉండలు చుట్టి వేళ్ల దగ్గర దాకా కూరాలి. గంట తిరిగేసరికి కాగితం మెత్తబడుతుంది. దాన్ని తీసేసి మళ్లీ పొడిది కూరాలి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే మర్నాటికి బూటు తేలికపడుతుంది. తొడలు ఒరుసుకునే చోట, చంకల్లో వ్యాజిలిన్ దట్టంగా పూయాలి. మరిచిపోతే స్నానం చేసేటప్పుడు మంట తెలుస్తుంది. లాంగ్ రన్‌లో వట్టి నీళ్లే అదేపనిగా తాగడం ప్రమాదం, రక్తంలో సోడియం పలచబడుతుంది. ఉప్పేసిన పలచటి మజ్జిగను మించింది నాకింతవరకు దొరకలేదు.

హైదరాబాద్ మారథాన్‌ను చాలామంది సంవత్సరానికంతటికీ పెద్ద పరీక్షగా తీసుకుంటారు. నేను మాత్రం దాన్ని కొండల పాఠంగానే పరుగెత్తుతాను. పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా 42.195 కిలోమీటర్లు. ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తులు, వాటి మీద ఆగస్టు ఉక్క. హుస్సేన్ సాగర్ ఒడ్డున చదును చూసి మురిసిపోయి పరుగు తీసినవాళ్లకు ముప్పయ్యో కిలోమీటరు దగ్గర కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ నిండుకుంటుంది, ఎత్తులు మాత్రం మిగిలే ఉంటాయి. ఇక్కడ టైమ్ కోసం పాకులాడకండని నేను గట్టిగా చెబుతాను. గుండెను అదుపులో ఉంచుకుని, చిన్న అడుగులతో ఎత్తులెక్కి, చివరి ఐదు కిలోమీటర్లు నడవకుండా ముగిస్తే ఆగస్టుకు అంతకన్నా ఏం కావాలి?

కార్తీకం వచ్చేసరికి గాలి పొడిబారి, ఎండల్లో పెంచుకున్న బలం బయటపడుతుంది. మే నెలలో ఏడు నిమిషాలు పట్టిన కిలోమీటరు అదే గుండె వేగానికి ఐదున్నరకు దిగుతుంది. ఇంటర్వెల్స్, టెంపో పరుగులు అప్పుడు మొదలుపెట్టాలి, అంతకు ముందు వద్దు. ధనుర్మాసంలో గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తుండగా, అప్పుడే వేసిన ముగ్గుల్ని తొక్కకుండా వీధి దాటి రోడ్డెక్కిన ఉదయాలంటే నాకు ప్రాణం. సంక్రాంతి హడావుడి కాగానే ముంబయి మారథాన్. అక్కడ కూడా ముప్పయి కిలోమీటర్లు దాటాక పెడ్డర్ రోడ్డు ఎత్తు ఎదురుగా నిలబడుతుంది. మొన్న జనవరిలో మా కుర్రాడు దాన్ని ఆగకుండా ఎక్కాడు. ఫినిష్ లైన్ దాటి, మెడలో పతకంతో కుంటుకుంటూ వచ్చి నా పక్కన కూలబడ్డాడు. ఊపిరి ఇంకా అందడం లేదు.

"అన్నా, ఫిబ్రవరిలో ఇంకో రేస్ ఉందంట. పేరిద్దామా?"

"ముందు ఆ అరటిపండు తిను. శివరాత్రి దాకా నడకే."