ఎండకు వెలవెలబోని అంకెలు

మే నెల మిట్టమధ్యాహ్నం నెల్లూరు దగ్గరి వెంకటాచలం టోల్‌ప్లాజా దగ్గర సెల్‌ఫోన్‌లో మెసేజ్ చదవాలంటే అరచెయ్యి అడ్డం పెట్టుకోక తప్పదు. తెర వెలుగుతూనే ఉంటుంది, అక్షరం మాత్రం కనపడదు. నేల మీద ఆ ఎండ తీవ్రత లక్ష లక్సుల దాకా ఉంటుంది. విమానం కాక్‌పిట్‌లోకి ఆ ఎండే సూటిగా పడుతుంది. మేఘాల మీదుగా వెళ్తుంటే కింది నుంచి మబ్బుల తెల్లటి మెరుపు కూడా తోడవుతుంది. ఇంధనం ఎంత మిగిలిందో, రేడియో ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉందో పైలట్‌కి ఒక్క చూపులో తెలియాలి. చెయ్యి అడ్డం పెట్టుకునే తీరిక అతనికి ఉండదు.

1970ల్లో ఈ చిక్కుకు దొరికిన గట్టి జవాబు మన ఇళ్లలో అందరూ ఎరిగిన వస్తువే. కరెంటు పారితే కాలి వెలిగే టంగ్‌స్టన్ తీగ, అంటే బల్బులోని ఫిలమెంటు. ఆ తీగలతోనే అంకెలు కట్టి విమాన పరికరాల్లో బిగించారు. ఎల్‌ఈడీలు వచ్చాక ఫిలమెంటు పేరెత్తితే కరెంటు తినేసే పాత సరుకు అనడం అలవాటైంది. ఇంటి దీపం విషయంలో ఆ మాట నిజమే. విమానాల విషయంలో మాత్రం చాలా అన్యాయమైన మాట.

ఏడు గీతలతో సున్నా నుంచి తొమ్మిది దాకా రాసే పద్ధతి కంప్యూటర్ల కంటే పాతది. 1910 నాటికే అమెరికాలో ఒక విద్యుత్ కేంద్రం బాయిలర్ గదిలో బల్బులతో వెలిగే అలాంటి పలక ఉండేది. అక్కడ గీతల వెనక బల్బులు ఉండేవి. 1970 ప్రాంతంలో ఆర్‌సీఏ కంపెనీ న్యూమిట్రాన్ పేరుతో తెచ్చిన గాజు గొట్టంలో గీతే ఫిలమెంటు అయింది. ఏడు గీతలకు ఏడు తీగలు, మధ్యలో అద్దం గానీ రంగు గానీ లేదు. సోవియట్ యూనియన్‌లో ఐవీ-9 అనే గొట్టం ఇదే పద్ధతిలో వచ్చింది. ఆ తర్వాత విమానాల కోసం గొట్టం ఆకారాన్ని వదిలి, పింగాణీ పలక మీద తీగలు పరిచి, పైన గాజు మూత అతికి, లోపలి గాలి తీసేసిన చదును డిస్‌ప్లేలు తయారయ్యాయి.

అప్పట్లో వీటికి పోటీ లేకపోలేదు. అందంగా మెరిసే నిక్సీ అనే అంకెల గొట్టానికి 170 వోల్టుల దాకా కావాలి. తొలి ఎల్‌ఈడీలు ఎరుపు ఒక్కటే ఇచ్చేవి, అదీ ఎండలో వెలవెలబోయేది, పైగా వేడెక్కేకొద్దీ వెలుగు తగ్గేది. ఎల్‌సీడీకి ఎండ ఇబ్బంది లేదు గానీ గడ్డకట్టే చలిలో అంకె మారడానికే అది తటపటాయించేది. ఫిలమెంటుకు ఈ బాధలేవీ లేవు. తనే వెయ్యి డిగ్రీలు దాటి కాలే తీగకు బయట మైనస్ 50 అయినా ప్లస్ 70 అయినా పెద్ద తేడా తెలియదు. మొత్తం వెలుగు కొంచెమే అయినా అదంతా వెంట్రుక కంటే సన్నటి తీగ మీది నుంచే వస్తుంది కాబట్టి, ఆ గీత ఎండలోనూ నిలిచి కనిపిస్తుంది.

వెంట్రుక కంటే సన్నటి తీగ విమానం కుదుపులకు ఎలా తట్టుకుంటుందన్నది అసలు ప్రశ్న. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. లోహాల్లో ఇంత వేడిని ఓర్చేది మరొకటి లేదు. కానీ అది మహా పెళుసు. దాన్ని తీగగా సాగదీసే విద్యను అమెరికన్ శాస్త్రవేత్త విలియం కూలిడ్జ్ 1910 నాటికి సాధించాడు. ఆ తర్వాత లోహంలో ఇసుమంత పొటాషియం నిలిచేలా చేస్తే, కాలి కాలి కూడా తీగ వేలాడిపోదని తేలింది. నేటికీ ఫిలమెంటు తీగ తయారయ్యేది ఆ పద్ధతిలోనే.

ఆ తీగను సన్నటి స్ప్రింగులా చుట్టి, రెండు బుల్లి స్తంభాల మధ్య కాస్త లాగి బిగిస్తారు. వెంకటగిరి మగ్గం మీద పడుగు బిగువు ఎలా చూసుకుంటారో ఇక్కడా అంతే పని: వదులైతే ఊగుతుంది, మరీ బిగిస్తే తెగుతుంది. కాలినప్పుడు తీగ నూటికి ఒక పాలు కూడా సాగదు. ఆ కాస్త సాగుడునూ చుట్టలే సర్దుకుంటాయి. ఇక పొడవు. అంకె ఎత్తు సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఒక్కో గీత కొన్ని మిల్లీమీటర్లే. పొట్టి తీగ బిగువుగా ఉంటే దాని సహజ కంపనం చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ఉంటుంది. విమాన, రాకెట్ పరికరాలను సాధారణంగా 2,000 హెర్ట్జ్ దాకా కుదిపి పరీక్షిస్తారు. తీగ సహజ కంపనం ఆ కుదుపుల ఫ్రీక్వెన్సీకి దొరక్కుండా చూసుకుంటే, కుదుపుతో పాటు ఊగి ఊగి తెగిపోయే ప్రమాదం తగ్గుతుంది.

ఇంత చేసినా, దీన్ని నిలబెట్టిన అసలు కిటుకు వోల్టేజిలో ఉంది. అది మన పల్లెల్లో అందరికీ అనుభవంలో ఉన్నదే. సాయంత్రం పొలాల్లో మోటార్లన్నీ తిరుగుతుంటే ఇంట్లో బల్బు ఎర్రగా మిణుకుమనేది. రాత్రి మోటార్లు ఆపేయగానే వోల్టేజి ఎగిరి అదే బల్బు తెల్లగా భగ్గుమనేది, ఒక్కోసారి టప్పున పోయేది. లో వోల్టేజిని తిట్టుకున్నాం గానీ, బల్బుకు మాత్రం ఆ సాయంత్రాలే ఆయుష్షు పోశాయి. ఫిలమెంటుకు ఇచ్చే వోల్టేజిని నూటికి 5 తగ్గిస్తే వెలుగు ఆరో వంతు తగ్గుతుంది, ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుంది. ఇంజనీర్లు డిస్‌ప్లేల్లో ఈ లెక్కను చివరి దాకా లాగారు. ఇంటి బల్బులో తీగ 2,500 డిగ్రీల దగ్గర కాలుతూ వెయ్యి గంటలు బతుకుతుంది. న్యూమిట్రాన్ తీగను అంతకంటే చాలా తక్కువ వేడిలో, 4.5 వోల్టుల దగ్గర, గీతకు 20 మిల్లీ ఆంపియర్ల పైచిలుకు కరెంటుతో నడిపారు. దానికి రాసిన ఆయుష్షు లక్ష గంటలు. రాత్రింబవళ్లు ఆపకుండా వెలిగినా పదకొండేళ్ల పైమాటే.

బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే పోవడం కూడా మనం చూసినదే. చల్లటి టంగ్‌స్టన్‌కు నిరోధం తక్కువ. ఇంటి బల్బులో అది వేడి తీగ నిరోధంలో పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. అందుకే తొలి క్షణంలో కరెంటు వరదలా దూకుతుంది, తీగలో ఎక్కడ సన్నబడిందో అక్కడ తెగుతుంది. డిస్‌ప్లే తీగలో తేడా అంత లేకపోయినా, జాగ్రత్తపరులు వెలగని గీతల్లో కూడా కంటికి కనిపించనంత కొద్దిపాటి కరెంటు పారించేవారు. తీగ వెచ్చగా ఉంటే దూకుడు తగ్గుతుంది. పెళుసుతనం కూడా తగ్గుతుంది కాబట్టి కుదుపునూ బాగా ఓర్చుకుంటుంది.

అయినా ఏదో ఒకనాడు ఒక గీత పోతుంది. ఇక్కడే ఈ అంకెల పెద్ద ప్రమాదం ఉంది. 7లో పై గీత పోతే 1 అవుతుంది. 9లో ఎడమ పై గీత పోతే 3, 6లో ఎడమ కింది గీత పోతే 5, 8లో నడిమి గీత పోతే సున్నా. అంకె మాయమైతే పైలట్ అనుమానిస్తాడు. తప్పు అంకె చక్కగా వెలుగుతుంటే నమ్మేస్తాడు. దీనికి విరుగుడు లాంప్ టెస్ట్ మీట. నొక్కితే గీతలన్నీ వెలిగి వరసగా 8లు రావాలి, ఒక్కటి తేడా వచ్చినా పరికరం మార్చాల్సిందే. ఆ రోజుల్లో ఏడు గీతల అంకెలను నడిపిన 7447 అనే చిప్‌లో ఈ పరీక్ష కోసమే ఒక కాలు కేటాయించారు. ఆ చిప్ ఫిలమెంటు గీతలను నేరుగా, మధ్యలో ఇంకే సరంజామా లేకుండా నడపగలదు. నిక్సీకి ఆ సుఖం లేదు.

లోపాలూ చెప్పుకోవాలి. ఫిలమెంటులో కరెంటు రెండు వైపులా పారుతుంది. అందుకని చాలా అంకెలను కొద్ది తీగలతో వంతులవారీగా వెలిగించాలంటే గీత గీతకూ కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఒకటి పెట్టాలి, లేకపోతే వెలగకూడని గీతలు మసగ్గా వెలుగుతాయి. అంతకంటే పెద్ద దెబ్బ రాత్రి చూపు కళ్లద్దాల నుంచి వచ్చింది. కాలే తీగ వెలుగు కంటే ఎన్నో రెట్లు ఇన్‌ఫ్రారెడ్ విరజిమ్ముతుంది. ఆ కళ్లద్దాలు వెతికేది దాదాపు ఆ కిరణాలనే. కాక్‌పిట్‌లో నాలుగు అంకెలు వెలిగితే చాలు, కళ్లద్దాలకు బయటి చీకటి కనిపించడం మానేస్తుంది. ఖరీదైన ఫిల్టర్లతో కొంతకాలం నెట్టుకొచ్చారు. ఈలోగా ఎల్‌ఈడీలు ఎండకు నిలిచే వెలుగు సంపాదించాయి, ఎల్‌సీడీ తెరలు చలికి ఓర్చుకోవడం నేర్చాయి. కొత్త విమానాల్లో వాటిదే రాజ్యం.

ఈ కథతో తెలుగునేలకు బంధుత్వం ఉంది. మిగ్-21 యుద్ధవిమానానికి కావాల్సిన ఏవియానిక్స్ తయారీ కోసం 1965లో విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ హైదరాబాద్‌లో ఒక విభాగం నెలకొల్పింది. మిగ్-21లో అంకెల డిస్‌ప్లేల కంటే సూదులు తిరిగే గుండ్రటి డయళ్లే ఎక్కువ. కానీ హెచ్చరిక దీపాలు మాత్రం రంగు మూతల వెనక కాలే చిన్న ఫిలమెంటు బల్బులే. 2025 సెప్టెంబర్ 26న వైమానిక దళం ఆ విమానానికి వీడ్కోలు చెప్పింది. మన తీరం వెంట దక్షిణానికి వెళ్తే శ్రీహరికోట. అక్కడ తొలి రోహిణి రాకెట్ ఎగిరింది 1971 అక్టోబర్ 9న, అంటే ఫిలమెంటు అంకెలు విమానాల వైపు అడుగులేస్తున్న కాలంలోనే. పరికరం కుదుపుకు, ఎండకు, చలికి నిలవాలన్న పట్టుదల విమానానికీ రాకెట్‌కూ ఒక్కటే.

వెంకటాచలం పక్కనే కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. నెల్లూరు చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ఒక్క ఫిలమెంటు అంకెను బల్ల మీద పెడితే లోహశాస్త్రం, ఉష్ణం, కంపనం, లాజిక్ చిప్పులు, మనిషి కన్ను మోసపోయే తీరు అన్నీ ఒక గంటలో పిల్లలకు చూపించవచ్చు. ఇంత పాఠం చెప్పగల వస్తువు ప్రయోగశాలల్లో అరుదు.

అందుకే ఒక విన్నపం. వైమానిక దళంలోనో, హైదరాబాద్ కర్మాగారాల్లోనో పనిచేసి వచ్చిన పెద్దలెవరైనా మీ ఇంట్లో ఉంటే, వాళ్ల అటక మీది పాత పరికరాలను పాత ఇనుప సామాను కింద తూకానికి వేయకండి. ఏడు గీతల గాజు గొట్టం కనిపిస్తే దాని మీది నంబరు చూసి, ఎన్ని వోల్టులదో తెలుసుకోండి. 4.5 వోల్టులదైతే రెండు పెన్ సెల్స్ కలిపి 3 వోల్టులతో మొదలుపెట్టండి. ఒక్కో గీతా వెలుగుతోందో లేదో పరీక్షించి, దగ్గర్లోని కాలేజీ ప్రయోగశాలకు ఇవ్వండి.