తథాస్తు దేవతలూ 436 రూపాయలూ

మే నెల చివరి వారం వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒక పంచాయితీ ఖాయం. ఈసారి పక్క ఫ్లాట్ పెద్దమనిషి తన ఫోను నా ముక్కుకి ఆనించినంత పని చేశాడు. "చూడండి, అడక్కుండా 436 కోసేశారు. ఇవాళే బ్రాంచికి వెళ్లి ఆపించేస్తాను."

అది ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా. ఏటా జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. 2015లో పెట్టినప్పుడు 330 రూపాయలు, 2022 జూన్ నుంచి 436 చేశారు. యాభై ఏళ్ల లోపు చేరినవాళ్లకి యాభై అయిదు దాకా నడుస్తుంది. మనిషి ఏ కారణంతో పోయినా ఇంటికి రెండు లక్షలు. ఈయనకి యాభై రెండు. ఇంటి మీద లోను, ఇంజనీరింగ్ చదివే కొడుకు. మొన్న ఆదివారం కలిసి తిన్న బిర్యానీకి అంతకు మించే అయింది, అప్పుడు ఆయన నోరెత్తలేదు.

"మీరు పోతే ఇంటికొచ్చే డబ్బండీ అది" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. లిఫ్టు దిగేదాకా పలకలేదు. సాయంత్రం వాళ్లావిడ మా ఆవిడతో, "పొద్దున్నే అన్నయ్యగారు అంత మాట అన్నారేంటి వదినా" అందట. మా ఇంట్లో ఆ రాత్రి నాకు కాఫీ అడిగే ధైర్యం లేకపోయింది.

ఈ కాలమ్ పాత పాఠకులకు నా పిచ్చి తెలిసిందే. బీమా వేరు, పొదుపు వేరు, రెండూ కలిపిన ఎండోమెంటు పాలసీ అటు బీమాకీ ఇటు పొదుపుకీ చాలదు అని నేను రాయని ఏడాది లేదు. టర్మ్ పాలసీ తీసుకుంటే అంతకన్నా తక్కువ ప్రీమియానికే ఎన్నో రెట్లు కవరేజీ వస్తుంది, మిగిలింది పీపీఎఫ్‌లో వేసుకోండి అంటాను. బాగా రాశారండీ అని మెచ్చుకుంటారు. వెళ్లి మనీబ్యాక్ కడతారు. లెక్కలు రాక కడుతున్నారని అనుకునే వీల్లేదు. వడ్డీ లెక్క నోటితో చెప్పగలిగినవాళ్లూ అదే పని చేస్తారు.

మాది బందరు పక్కన పల్లె. జీవితబీమా బందరుకి కొత్తేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టి ఊరుకోలేదు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ కూడా అక్కడే పెట్టారు. 1956లో 245 సంస్థల్ని కలిపి ఎల్ఐసీ చేసినప్పుడు దాని జీవితబీమా వ్యాపారమూ అందులో కలిసిపోయింది. ఇంత చరిత్ర ఉన్నా మా నాయనమ్మ దగ్గర మాత్రం ఎవరి పప్పులూ ఉడకలేదు.

మా ఊరి ఏజెంటుగారు సైకిలు మీద, హ్యాండిల్‌కి రెక్సిన్ సంచి తగిలించుకుని వచ్చేవాడు. నాన్న బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కునే వేళకి వచ్చేవాడు. అది సరిగ్గా అసురసంధ్య. నాయనమ్మ దీపం పెడుతూ వాకిట్లోకి కేకేసేది: "ఒరేయ్, ఈ వేళప్పుడు ఆ మాటలేంట్రా? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు!" మనం ఏ మాట అంటే దానికి తథాస్తు అనేసి పోయే దేవతలు. వాళ్ల చెవిన పడకుండా బీమా అమ్మడం ఎలాగో ఆయనకే తెలుసు. ఆయన నోట చావు అన్న మాట నేను ఎన్నడూ వినలేదు. చాప మీద కూర్చుని, కాయితం తీసి, మా చెల్లెలి వైపు చూసి నవ్వేవాడు. "అమ్మాయి పెళ్లినాటికి చేతికొస్తుందండీ, బోనస్‌తో సహా." అమ్మాయికి అప్పటికి మూడేళ్లు. నాయనమ్మ కూడా పెళ్లి మాట వినగానే మెత్తబడేది. ఆయనకి మజ్జిగ వచ్చేది. నామినీ పేరు రాసే చోట మాత్రం గొంతు తగ్గించి, "ఇది ఊరికే, రూలు కోసం" అనేవాడు.

నేను ఏటేటా తిట్టే ఎండోమెంటు పాలసీ అలా మా ఇంట్లోకి వచ్చింది, పెళ్లి పేరు పెట్టుకుని. టర్మ్ పాలసీకి ఆ వేషం కుదరదు. బతికి ఉంటే పైసా రాదని ముందే చెప్పేస్తుంది. అసురసంధ్య వేళ ఆ సంగతి ఏ నాయనమ్మ వింటుంది?

మా చిన్నాన్న ముప్ఫై ఎనిమిదేళ్లకే గుండె ఆగి పోయాడు. మూడో రోజున ఏజెంటుగారు వచ్చాడు. లోపలికి రాలేదు. సైకిలు వేపచెట్టుకి ఆనించి, నాన్నని పక్కకి పిలిచాడు. "రెండు పాలసీలున్నాయండీ. ఒకటి వాయిదా తప్పి ఆగిపోతే కిందటేడే నేను మళ్లీ కట్టించాను." పిన్నికి రెండూ తెలియవు. బాండ్లు చిన్నాన్న ట్రంకు పెట్టెలో, పొలం కాయితాల అడుగున దొరికాయి. మరణ ధ్రువపత్రం తేవడం, డాక్టరు చేత ఫారం రాయించడం, పిన్ని చేత సంతకాలు పెట్టించడం అన్నీ ఆయనే చూసుకున్నాడు. చెక్కు వచ్చిన రోజున కూడా ఆ డబ్బు ఎందుకొచ్చిందో ఆయన పైకి అనలేదు. "పిల్లల చదువుకి జాగ్రత్త చేసుకోమ్మా" అని వెళ్లిపోయాడు. కమీషను కోసమే కదా అని అప్పట్లో ఊళ్లో కొందరన్నారు. కమీషను ప్రీమియం మీద వస్తుంది, క్లెయిమ్ మీద రాదు.

మా వాచ్‌మన్‌ది పాలమూరు వైపు. పోయినేడు అతని అన్న చనిపోయాడు. "నాలుగో రోజే ఏఈవో సారు ఇంటికొచ్చిండు సార్. పైసలొస్తయని మా వదినకు ఎరుకే లేకుండె" అన్నాడు. తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా అది. 18 నుంచి 59 ఏళ్ల లోపు రైతుకి అయిదు లక్షలు, ప్రీమియం ప్రభుత్వమే ఎల్ఐసీకి కడుతుంది. ప్రమాదమే కానక్కర్లేదు, మామూలుగా పోయినా వర్తిస్తుంది. పది రోజుల్లో నామినీ ఖాతాలో పడాలన్నది నియమం, అంటే దశదిన కర్మ నాటికి. నామినీ పేరు రాయించుకున్నదీ, పోయాక కాయితాలకి వచ్చిందీ ఆ ఏఈవో లాంటి వ్యవసాయ శాఖ మనుషులే. ఊరందరితో పాటు వరసలో కూర్చుని రాయిస్తుంటే ఎవరికీ అపశకునం అనిపించలేదు. మనిషి తన చావు గురించి విడిగా ఆలోచించాల్సిన పని పెట్టకపోవడమే ఆ పథకం తెలివి.

"మరి నీకు?" అన్నాను. "నా పేరు మీద భూమి ఏడుంది సార్? కౌలుకు చేసిన." కౌలు రైతుకి పట్టా పాసుపుస్తకం లేదు కాబట్టి రైతుబీమా లేదు. అప్పు తెచ్చి పంట పెట్టేది అతనే, అతను పోతే ఆ అప్పు మోసేది అతని పెళ్లామే. ఇది మాత్రం తథాస్తు దేవతల మీదకి నెట్టలేం, సర్కారు చేతిలో పని.

బ్యాంకు 436 కోసినప్పుడు అలా ఇంటికొచ్చే మనిషి ఎవరూ లేరు. కోసిన సంగతి ఖాతాదారుకే పట్టకపోతే ఇంట్లోవాళ్లకి ఏం తెలుస్తుంది? క్లెయిమ్ ఫారం పట్టుకుని బ్రాంచికి వెళ్లాల్సింది వాళ్లే. ఆ లెక్కన మా పక్క ఫ్లాట్ ఆయన లిఫ్టులో అరవడమే మేలయింది. ఆ గొడవ పుణ్యమా అని అలాంటి బీమా ఒకటుందని వాళ్లావిడకి తెలిసింది. ఆయన ఆపించలేదట కూడా. ఆవిడ వద్దందట.

టర్మ్ పాలసీయే మంచిదని ఇప్పటికీ అంటాను. కానీ ఆన్‌లైన్‌లో కట్టిన పాలసీ తరఫున వేపచెట్టుకి సైకిలు ఆనించేది ఎవరు? బాండు మెయిల్లో ఉంటుంది, మెయిలు ఫోన్లో ఉంటుంది, ఫోను తెరవాల్సిన వేలిముద్ర పోయిన మనిషిది. ఇంటిల్లిపాదీ కూర్చుని ఇవన్నీ మాట్లాడుకోవాలి అని రాయబోయాను. మాట్లాడుకోరు. మా ఇంట్లోనే మా ఆవిడ చెవులు మూసుకుని వంటింట్లోకి వెళ్తుంది. అందుకని ఇంట్లో చెప్పే ప్రయత్నం మానేసి, పాలసీ నంబరూ కంపెనీ పేరూ కాయితం మీద రాసి మొన్న మా బావమరిది చేతిలో పెట్టాను. వాడు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో నాకేమన్నా కమీషనుందా బావా?"

"పదో రోజున భోజనం ఉంది."

"గారెలు కూడా వేయిస్తానంటే ఒప్పుకుంటా" అని జేబులో పెట్టుకున్నాడు.