సద్గుణ నీతి – ఫ్యాక్షన్ గ్రామము: ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రస్తావన

ఏ పని ధర్మము, ఏ పని మంచి ఫలితమునిస్తుంది అను ప్రశ్నలకు ముందుగా సద్గుణ నీతి మరొక ప్రశ్న వేస్తుంది: నేను ఎటువంటి మనిషిని కావలెను? అరిస్టాటిల్ మొదలుకొని థామస్ అక్వినాస్ వరకు సాగిన ఈ ఆలోచనను అలస్‌డైర్ మెకింటైర్ 1981లో ‘ఆఫ్టర్ వర్చ్యూ’ అను గ్రంథము ద్వారా తిరిగి చర్చలోనికి తెచ్చాడు. అదే సంవత్సరము స్టాన్లీ హవర్వాస్ ‘ఎ కమ్యూనిటీ ఆఫ్ క్యారెక్టర్’లో శీలమును తీర్చే సమాజము సంఘమేనని వాదించాడు. కర్నూలు, కడప గ్రామాలలో నిలబడి చదివితే వీరి వాదనలో ఒక చిక్కు కనబడుతుంది.

మెకింటైర్ వాదన

సద్గుణము కేవలము ఉపదేశముతో రాదు, సాధనతో వస్తుంది. మెకింటైర్ దీనికి మూడు మెట్లు చూపుతాడు: పదిమంది కలిసి చేసే అభ్యాసము, అభ్యాసాలను ఒక్కటిగా కూర్చే జీవిత కథ, ఆ కథకు ఆధారమైన సంప్రదాయము. వాననే నమ్ముకొని వేరుశనగ వేసే మన రైతుకు ఇది తెలిసిన సంగతే. ఓర్పును అతనికి నేర్పినది పుస్తకము కాదు, విత్తి మబ్బు వైపు చూచిన ఏండ్లు.

చిక్కు ఎక్కడ?

ఫ్యాక్షన్ గ్రామములోనూ ఈ మూడు మెట్లు ఉన్నవి. ధైర్యము, మాట నిలుపుకొనుట, నాయకుని విడువకుండుట అక్కడ చిన్ననాటి నుండే అలవాటవుతాయి. తండ్రి హత్య కొడుకు జీవిత కథను నిర్ణయిస్తుంది. పగ వంశ సంప్రదాయమవుతుంది. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) వంటి చలనచిత్రాలు ఆ పౌరుషమును వీరగాథగా చూపినవి. ఎన్నికలు, కాంట్రాక్టులు, భూమి కొరకు పెద్దలు పెంచిన తగవులలో నేలకొరిగినవారిలో పేద అనుచరులు ఎందరో. ఊరి అంచున ఉన్న మన వాడలు దీనికి వెలుపల లేవు. బాంబుల మోత మునుపటి కంటె తగ్గినను, పౌరుషమును కొలిచే కొలబద్ద పూర్తిగా మారలేదు.

మెకింటైర్‌కు న్యాయము చేయవలెను. చెడు అభ్యాసాలు ఉండవచ్చునని ఆయనే ఒప్పుకున్నాడు. జీవముగల సంప్రదాయము తన మేలును గూర్చి తనలో తాను వాదించుకుంటుందనీ అన్నాడు. ఈ పరీక్షలో ఫ్యాక్షన్ నిలువదు. అక్కడ ప్రశ్నించినవాడే ద్రోహి. కాని ప్రశ్నించే బలము ఎక్కడ నుండి వస్తుంది? సంఘము నుండి అంటాడు హవర్వాస్. అయితే మన సంఘము కూడా ఆ ఊరిలోనిదే; విశ్వాసుల కూలి, కౌలు తరచుగా ఒక వర్గము చేతిలో ఉంటుంది. వర్గము కొరకు చనిపోయినవానిని జ్ఞాపకార్థ కూడికలో కాపరి ‘నమ్మకస్తుడు’ అని పొగిడితే, ఏ సమాజము ఏ సమాజమును తీర్చినట్లు?

వేదాంత సమాధానము

దైవప్రేమ లేనిదే ఏ సద్గుణము సంపూర్ణము కాదనియు, ధైర్యమునకు ముఖ్యక్రియ దాడి కాదు, సహించి నిలుచుటయే అనియు అక్వినాస్ బోధించాడు. ఈ కొలబద్దతో చూస్తే, భర్తను చంపినవారి మీద పగను కుమారునికి నూరిపోయక, అతనిని బడికి పంపిన విధవరాలు కొడవలి పట్టినవాని కంటె ధైర్యవంతురాలు. లెమెకు తన భార్యల యెదుట పగను లెక్కించి అతిశయించాడు (ఆది. 4:23-24), ప్రభువు పేతురుకు క్షమాపణను లెక్కకు మించి నేర్పాడు (మత్తయి 18:22). ఈ మార్పు అలవాటు వలన మాత్రమే కలుగదు. కృప మొదట, సాధన దాని వెంట.

ముగింపు

ఆ సాధనకు చోటు ప్రభువు బల్ల. బలిపీఠము యొద్దకు రాకముందే సహోదరునితో సమాధానపడవలెనను ఆజ్ఞను (మత్తయి 5:23-24) మనము క్రమములో చదువుటతో సరిపెట్టుకొనరాదు. రెండు వర్గాల వీధులలోనూ కాపరి నడవవలెను. ఒక జాగ్రత్త కూడా అవసరము. ఫ్యాక్షన్ ఊరిలో ‘రాజీ’ అంటే తరచుగా సాక్షి నోరు మూయుట. క్షమాపణ అది కాదు. కోర్టులో నిజము చెప్పి, ఇంటికి వచ్చి శత్రువు కొరకు ప్రార్థించగల మనిషిని తీర్చినప్పుడే మనది శీలమును తీర్చే సంఘమని చెప్పుకొనగలము.