ట్రోమ్సో నుంచి గంటా నలభై నిమిషాలు

ఉత్తరాది దూరమా, కిలోమీటర్లలో చెబితే నువ్వు 957కి కాస్త అటూ ఇటూ. ఇటు 69 డిగ్రీల అక్షాంశం దాటిన నార్వే ఊరు ట్రోమ్సో, అటు 78 దాటిన లాంగ్‌యియర్‌బ్యెన్. మధ్యలో అంతా నీళ్లే. సుమారు సగం దారిలో బ్యోర్నోయా అనే ఒంటరి దీవి. జెట్ విమానం నిన్ను గంటా నలభై నిమిషాల్లో దాటేస్తుంది. ఇంత సులువుగా దారివ్వడం నీకు ఈ మధ్య అబ్బిన గుణం. అందుకే నీకు ఈ దండం.

నిన్ను వెలుగుతో కొలవాలి. మన దేశంలో ఇంతే దూరం ఉత్తరానికి వెళితే, నడివేసవిలో కూడా పగటికి అరగంట తేడా, అంతే. నీ సంగతి వేరు. మే మొదట్లో ట్రోమ్సోలో ఇంకా పొద్దు గుంకుతుంది. అర్ధరాత్రి వేళ అక్కడినుంచి ఎగిరితే, గుంకిన ఆ సూర్యుడే కాసేపటికి కిటికీలో మళ్లీ లేస్తాడు, అదీ ఉత్తర దిక్కున! లాంగ్‌యియర్‌బ్యెన్‌లో సుమారు ఏప్రిల్ 20 నుంచి ఆగస్టు 23 దాకా ఆయనకు అస్తమయమే లేదు. అదే నవంబరు మొదట్లో అయితే, మిట్టమధ్యాహ్నం వెలుతురులో లేచిన విమానం ఫిబ్రవరి దాకా తెల్లవారని రాత్రిలో దిగుతుంది.

నువ్వంటే భయం కూడా ఉంది. 1928 జూన్ 18న రోఆల్డ్ అముండ్సెన్ ట్రోమ్సో నుంచే ఎగిరాడు. దక్షిణ ధ్రువాన్ని అందరికంటే ముందు చేరిన మనిషి. ఇటాలియా అనే గాలినౌక మంచు మీద కూలితే, దాని సారథి ఉంబెర్టో నోబిలేను, ఆయన మనుషులను వెతకడానికి బయల్దేరాడు. అంతకు రెండేళ్ల ముందు ఇద్దరూ కలిసి ఉత్తర ధ్రువం మీదుగా ప్రయాణించారు, ఆ తర్వాత బాహాటంగా తగవుపడ్డారు. ఆ తగవును ఒడ్డునే వదిలి వెళ్లాడు అముండ్సెన్. లాథామ్ 47 అనే ఆ నీటి విమానంలో ఉన్నది ఆరుగురు. ఆగస్టు చివర దాని తేలుడు తొట్టి ఒకటి సముద్రంలో దొరికింది. మనుషులను మాత్రం నువ్వు తిరిగివ్వలేదు. నోబిలే బతికాడు.

ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు, సముద్రం గడ్డకడితే ఓడలు ఆగిపోయేవి. బొగ్గుగనుల ఊరు లాంగ్‌యియర్‌బ్యెన్ చలికాలమంతా ఒంటరిదయ్యేది. వాయుసేన విమానాలు తపాలా సంచులను పైనుంచి జారవిడిచి వెళ్లేవి. ఉత్తరం అందిన గని కార్మికుడికి దాన్ని తెచ్చినవాళ్ల ముఖమైనా కనిపించేది కాదు. 1975 సెప్టెంబరు 2న నార్వే రాజు ఐదో ఓలావ్ అక్కడి విమానాశ్రయాన్ని ప్రారంభించాడు. లోలోపల ఏడాదంతా గడ్డకట్టి ఉండే నేల మీద వేసిన రన్‌వే అది. వేసవిలో పైపొర కరిగితే కుంగుతుంది, మళ్లీ సరిచేస్తారు. ఈ స్తుతిలో సగం ఆ సరిచేసే చేతులదే.

రన్‌వేకి పైనున్న కొండలో, 2008లో తెరిచిన ప్రపంచ విత్తన భాండాగారం ఉంది. అంత చలి ఉండి కూడా విమానాలు క్రమం తప్పక వచ్చే చోటు కావడం దాన్ని అక్కడ కట్టడానికి ఒక కారణం. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, రాగి, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు అక్కడి పెట్టెల్లో ఉన్నాయి. పటాన్‌చెరులో దాచిన విత్తుకు రేపెప్పుడైనా ఆపద వస్తే, దాని జోడు నీ మీదుగానే దక్షిణానికి ఎగిరి రావాలి. అప్పుడూ దారివ్వు, దూరమా.