బిల్లు అడుగున ఉన్న పనితనం

కిరాణా బిల్లులో మొత్తం ఎంతయిందో చూసుకుని కాగితం పక్కన పడేస్తాం. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఒక పట్టీ ఉంటుంది: పన్ను శాతం, సరుకు విలువ, కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ. బిల్లంతటిలో నాకు ముచ్చటగొలిపేవి ఆ నాలుగు గళ్లే.

విజయవాడలో ఒకరు మూడు సరుకులు కొన్నారనుకుందాం: 45 రూపాయల స్నానపు సబ్బుల ప్యాకెట్టు, 130 రూపాయల డిటర్జెంటు పొడి, విడిగా తూయించుకున్న కిలో కందిపప్పు. ప్యాకెట్ల మీది ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. కాబట్టి బిల్లు రాసేవారు ధర లోపల దాగిన పన్నును బయటికి తీయాలి. కలపడం ఎవరైనా కలుపుతారు, తీయడానికే నేర్పు కావాలి.

స్నానపు సబ్బుల మీద ఒకప్పుడు 18 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. 45లో 5 శాతం కదా అని 2.25 రాస్తే తప్పు. సరుకు విలువ వంద అయితే ధర నూట అయిదు. అందులో పన్ను అయిదు, అంటే ధరలో ఇరవై ఒకటో వంతు. చెయ్యి తిరిగిన గుమాస్తా 45ని 21తో భాగించి 2.14 అని నోటితోనే చెప్పేస్తాడు. కేంద్రానికి 1.07, రాష్ట్రానికి 1.07, సబ్బు విలువ 42.86. కూడి చూడండి, సరిగ్గా 45.

అసలు పరీక్ష డిటర్జెంటు దగ్గరుంది. దానికి 18 శాతం. 118కి 18 చొప్పున లెక్కేస్తే 130లో పన్ను 19.83, సరుకు విలువ 110.17. ఇప్పుడు పన్నును సగం చేయాలి. బేసి పైసలు, రెండుగా చీలవు. చెరొక 9.92 రాస్తే మొత్తం 130.01కి పోతుంది. చెరొక 9.91 అంటే ఒక పైసా తగ్గుతుంది. శ్రద్ధ తెలిసిన లెక్క ముందుగా రెండు వాటాలనూ 9.92గా ఖాయం చేసి, మిగిలిన 110.16నే సరుకు విలువగా వేస్తుంది. వాటాలు సమానం, కొన్నవారి మీద పైసా భారం లేదు. పైసా నాణెం చెలామణీలోంచి పోయి ఏళ్లయినా, ఆ పైసా కోసం ఇంత ఆలోచించిన పనివాడంటే నాకు గౌరవం.

కందిపప్పు వరుసలో పన్ను సున్నా. అదే పప్పు పేరూ బరువూ అచ్చేసిన కిలో ప్యాకెట్టుగా వస్తే 5 శాతం; 25 కిలోల వరకూ ఉన్న ప్యాకెట్లకు 2022 జులై 18 నుంచి ఇదే పద్ధతి. అందుకే కంప్యూటర్లో సరుకుల పట్టిక ఎక్కించేవారికి పప్పు పేరొక్కటే చాలదు, అది ఏ రూపంలో అమ్ముడవుతుందో కూడా తెలియాలి. పట్టికలో ఒక్క వరుస తప్పితే ఆ సరుకున్న బిల్లులన్నీ తప్పుతాయి.

బిల్లు పైభాగాన ఉండే పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరూ ఇలాంటి పనే. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. చివరి అక్షరం ముందున్న పద్నాలుగింటినీ లెక్కగట్టగా వచ్చేది. ఒక్క అక్షరం తారుమారైనా పట్టిస్తుంది.

ఈసారి బిల్లు చేతికొచ్చినప్పుడు ఆ పట్టీని ఒక్కసారి కూడి చూడండి. ఎమ్మార్పీ మీద మళ్లీ జీఎస్టీ వేసి అడిగితే మాత్రం ఇవ్వకండి, అది ఆ ధరలోనే ఉంది.