తీసివేతలో దొరికిన భూకంపం

2002 మార్చి 17న నింగికెగసిన గ్రేస్ జంట ఉపగ్రహాల్లో భూమిని ఫొటో తీసే కెమెరా లేదు. దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తున, 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెంట ఒకటి తిరుగుతూ, ఆ ఎడాన్ని మైక్రోవేవ్‌లతో కొలుచుకోవడమే 2017 దాకా వాటి పని. కింద బరువైన చోటు రాబోతుంటే ముందున్నది కాస్త వడిగా సాగుతుంది, ఎడం పెరుగుతుంది. దాన్ని దాటాక ముందుదాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకు అదే బరువు లాగుతుంది, ఎడం తగ్గుతుంది. తేడా మైక్రాన్లలో! అంత సన్నని పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

2004 డిసెంబర్ 26న సుమత్రా నుంచి అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్ల మేర సముద్రగర్భం చీలింది. తీవ్రత 9.1. మన కోస్తాను సునామీ ముంచెత్తింది. తెలుగువాళ్లు ఎందరో స్థిరపడ్డ పోర్ట్ బ్లెయిర్ దాదాపు మీటరు కుంగింది.

ఆ కంపాన్ని ఆకాశం నుంచి తూచిన పద్ధతి బోధన్ చెరకు రైతుకు కొత్త కాదు. కాంటా మీద బండిని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచి తీసేస్తే చెరకు బరువు తేలుతుంది. కంపానికి ముందు కొలత, తర్వాతి కొలత, మధ్య తేడా. కాకపోతే భూమి అనే ఈ బండి ఎప్పుడూ ఒకే బరువుండదు. ఆటుపోట్లు, గాలి పీడనం, వానలకు నేలలో ఇంకే నీరు, మంజీర మీద నిజాంసాగర్‌లో చేరే నీరు కూడా దాని బరువు మారుస్తాయి. వీటిని విడదీయడంలోనే అసలు నేర్పు.

షిన్-చాన్ హాన్, సి.కె. షమ్ బృందం 2006లో సైన్స్ పత్రికలో ఫలితం వెల్లడించింది. గురుత్వంలో మార్పు అటూ ఇటూ 15 మైక్రోగాల్. భూమి మనల్ని లాగే బలంలో 6.5 కోట్ల వంతుల్లో ఒక వంతు! అందులో దాదాపు సగం నేల పైకీ కిందికీ కదలడం వల్ల, మిగతా సగం రాతి సాంద్రత మారడం వల్ల. సముద్రం అడుగున రాయి విప్పారిన జాడ అలా బయటపడింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇంత నిశితమైన చూపుకూ హద్దుంది. 1993 సెప్టెంబర్ 30న మన పొరుగున కిల్లారిలో వేలమందిని బలిగొన్న కంపం తీవ్రత 6కు కాస్త పైన. గ్రేస్ అప్పటికే ఉన్నా దాన్ని పట్టలేకపోయేది. కొన్ని వందల కిలోమీటర్ల మేర బరువు మారితేనే దానికి ఆనేది.

భూకంపం కోసం లెక్కలోంచి తీసేసిన నీరే మరొకరికి గని అయింది. హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్త వి.ఎం. తివారీ, జాన్ వార్, షాన్ స్వెన్సన్‌తో కలిసి 2009లో ఇవే ఉపగ్రహాల కొలతలతో ఉత్తర భారతం, దాని పరిసరాల్లో భూగర్భజలం ఏటా సుమారు 54 ఘన కిలోమీటర్ల చొప్పున తరిగిపోతోందని లెక్కగట్టారు.