వంతగాని ప్రశ్న

ఆశువు అనగానే మన విమర్శకులకు అవధాన వేదిక గుర్తుకు వస్తుంది. అక్కడ అది ఒక వ్యక్తి ధారణకు, పాండిత్యానికి పరీక్ష. కాని ఆశువుకు మరొక ప్రయోజనం కూడ ఉన్నది: ఊరిలో తెగిపోయిన మాటను అది తిరిగి కలపగలదు. సాహిత్యచర్చలలో దీనికి తగిన స్థానం లభించలేదు.

బుర్రకథనే తీసుకుందాం. నడుమ కథకుడు తంబుర మీటుతూ కథ నడుపుతాడు. ఇరుప్రక్కల ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, వేరొకరిది రాజకీయం. కథ ముందే కట్టినది. కాని వంత వేసే ప్రశ్న ఆ పూటది, ఆ ఊరిది. వీరగాథ నడుమ ధరల మాట, పన్నుల మాట దొర్లుతుంది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలికి ఈ రూపం అంతగా ఉపకరించటానికి, నాజర్ చేతిలో అది రాణించటానికి ఈ వెసులుబాటు ఒక ముఖ్యకారణమని నా అభిప్రాయం.

అయినా వంతగాడు ఊరి తరఫున అడుగుతాడే గాని, ఊరు స్వయంగా లేచి అడగదు. ఆ హద్దును దాటినవాడు బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోఆల్. 1971లో స్వదేశం విడిచిన ఆయన 1973లో పెరూ అక్షరాస్యతా కార్యక్రమంలో పనిచేశాడు. తాను చెప్పిన పరిష్కారాన్ని నటులు సరిగా చూపటం లేదని ఒక ప్రేక్షకురాలు పట్టుబట్టగా, ఆమెనే రంగం మీదికి పిలిచాడు. అన్యాయమే గెలిచే చిన్న నాటకాన్ని ఆడి, మళ్ళీ మొదటినుంచి ఆడటం, ప్రేక్షకులలో ఒకరు దానిని ఆపి, బాధిత పాత్రలో నిలిచి తన దారి ప్రయత్నించటం ఈ పద్ధతి. పశ్చిమ బెంగాలులో సంజయ్ గంగూలీ 1985లో స్థాపించిన జనసంస్కృతి దీనిని సుందరవనాల పల్లెలకు తెచ్చింది.

దీనిని గాయాలకు మందు అని పొగడేముందు కొంత జాగ్రత్త అవసరం. రంగం మీద భర్త పాత్రను నిలదీసిన స్త్రీ ఆ రాత్రి తన ఇంటికే వెళ్ళాలి. నాటకం న్యాయస్థానం కాదు. ఒంటరిగా మోసిన బాధను పదిమంది ఎరిగిన బాధగా మార్చటం వరకే దాని చికిత్స. ఆ తరువాతి పని ఊరిది. కాని ఈ మొదటి అడుగు పడనిదే రెండవది పడదు.

ప్రచారం కోసం చెప్పించే బుర్రకథలలో వంత ప్రశ్నకు జవాబు ముందే వ్రాసి ఉంటుంది. అక్కడ ఆశువు వేషం మాత్రమే. కనుక ఇటువంటి ప్రదర్శనను తూచే విమర్శకుడు వ్రాతప్రతి సొగసుతో ఆగరాదు. రచయిత ఊహించని జవాబుకు అందులో చోటున్నదా అని కూడ చూడాలి. ప్రజల కోసం వ్రాస్తున్నామనే రచయితలు తమ రచనలను ఇదే ప్రశ్నతో పరీక్షించుకొనటం మంచిది.